పేషెంట్లను ప్రశ్నలడగడం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో ఫార్మ్-డి చివరి సంవత్సరం, ఇంటర్న్‌షిప్‌లో ఉంది. కిందటేడు ప్రాజెక్టు కోసం డయాలసిస్ పేషెంట్లను 36 ప్రశ్నలు అడిగి రాసుకొచ్చింది. అప్పటినుంచి ‘క్వాలిటీ ఆఫ్ లైఫ్ రీసెర్చ్’ చేస్తానంటోంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్షకు చదవమంటే వినడం లేదు. నాకు ఎరువుల షాపు ఉంది, ఇలాంటివి తెలియవు. ‘మీకెలా ఉంది’ అని అడిగి తిరగడానికి ఆరేళ్ళ చదువు ఎందుకండీ? మా అమ్మకు పదిహేనేళ్ళుగా షుగరు, మోకాళ్ళ నొప్పులు. ఆ ప్రశ్న నేనూ రోజూ అడుగుతాను. దీనికి భవిష్యత్తు ఉందా? – ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: నమస్కారమండీ. మీ ఆఖరి మాట దగ్గరే మొదలుపెడతాను. మీరు రోజూ అడిగితే మీ అమ్మగారు ఏం చెబుతారు? ‘బాగానే ఉన్నాన్రా’ అనే కదా. మా అమ్మ కూడా అదే చెప్పేది. ఆవిడకు కీళ్ళవాతం. డాక్టరుగారు రిపోర్టు చూసి ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును చెప్పే రక్తపరీక్ష) తగ్గింది, మందు పనిచేస్తోంది అనేవారు. అమ్మ తలూపేది. పొద్దున పూట వేళ్ళు ముడుచుకోక పాల ప్యాకెట్టు పళ్ళతో కొరికి విప్పేదనీ, జడ వేసుకోలేకే జుట్టు పొట్టిగా కత్తిరించుకుందనీ ఆ రిపోర్టులో ఎక్కడా లేదు. మేమెవరం అడగలేదు. అడగాలని తెలియలేదు.

షుగరు, కిడ్నీ జబ్బు, కీళ్ళవాతం లాంటివి ఒకసారి వస్తే చాలావరకు జీవితాంతం ఉంటాయి. అలాంటప్పుడు మందు పనిచేసిందా లేదా అన్నదానికి రక్తపరీక్ష చెప్పేది సగం జవాబే. మిగతా సగం పేషెంటు దగ్గరే ఉంటుంది. రాత్రి నిద్ర పడుతోందా, పనికి వెళ్ళగలుగుతున్నారా, ఇంకొకరి మీద ఆధారపడాల్సి వస్తోందని కుమిలిపోతున్నారా? దాన్ని అంకెల్లోకి తెచ్చే శాస్త్రమే మీ అమ్మాయి అంటున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1991లో దీనికోసం ఒక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు ప్రపంచమంతా కలిపి 15 కేంద్రాలు పనిచేశాయి. వాటిలో రెండు మనవి: ఢిల్లీ, మద్రాసు. అక్కడినుంచి వచ్చిన 26 ప్రశ్నల పత్రాన్ని ఇప్పటికీ మన దేశంలో వాడుతున్నారు.

మీ షాపులో కాటా ఉండే ఉంటుంది. ఒకే బస్తాను పొద్దున తూచినా సాయంత్రం తూచినా ఒకే బరువు చూపాలి. 45 కిలోల యూరియా బస్తా పెడితే 45 అనే చూపాలి. కొంచెం తీస్తే ఆ తేడా కూడా తెలియాలి. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే కదా తూనికలు కొలతల శాఖవాళ్ళు ముద్ర వేస్తారు. ప్రశ్నలకూ ఆ మూడు పరీక్షలు ఉన్నాయి. రిలయబిలిటీ, వాలిడిటీ, రెస్పాన్సివ్‌నెస్ అంటారు. వందల మంది జవాబులు తీసుకుని స్టాటిస్టిక్స్‌తో ఒక్కోటీ రుజువు చేయాలి. మనసుకు తోచిన పది ప్రశ్నలు కాగితం మీద రాసుకుపోతే అది ముద్ర లేని కాటాయే.

అసలు కష్టం భాష దగ్గర వస్తుంది. మీ అమ్మాయి వాడిన 36 ప్రశ్నల పత్రం బహుశా అమెరికాలో ర్యాండ్ సంస్థ తయారుచేసిన కేడీక్యూఓఎల్ అయ్యుంటుంది. కిడ్నీ పేషెంట్ల కోసమే చేసింది. అందులో మొదట్లోనే ఒక ప్రశ్న ఉంది: బల్ల జరపడం, వాక్యూమ్ క్లీనర్ నెట్టడం, బౌలింగ్, గోల్ఫ్ ఆడటం లాంటి పనులకు మీ ఆరోగ్యం అడ్డొస్తోందా? వినుకొండ నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వచ్చే రైతును గోల్ఫ్ గురించి ఏమని అడుగుతాం? సరే, దానికి బదులు ‘నీళ్ళ బిందె మోయడం’ అని పెట్టామనుకోండి. నిండు బిందె గోల్ఫ్ కర్ర కంటే చాలా బరువు. మధ్యరకం పని గురించి అడగాల్సిన ప్రశ్న బరువు పని ప్రశ్నగా మారిపోతుంది. అప్పుడు మన పేషెంట్లు అమెరికా పేషెంట్ల కంటే నీరసంగా ఉన్నట్టు లెక్క తేలుతుంది. తప్పు పేషెంటుది కాదు, అనువాదానిది. అదే పత్రంలో దిగులు గురించి అడిగేచోట ఇంగ్లిష్‌వాళ్ళు ‘బ్లూ’ అన్న మాట వాడారు. దాన్ని నీలం అనలేం. ‘మనసు బాగోలేదా’ అనాలా, ‘దిగులుగా ఉంటోందా’ అనాలా, ‘ఏమీ తోచడం లేదా’ అనాలా? మూడూ ఒకటి కాదని మనకు తెలుసు. నీరసం, అలసట కూడా అంతే. పనిచేస్తే వచ్చేది అలసట, పనిచేయకపోయినా ఉండేది నీరసం. డయాలసిస్ అయ్యాక మంచం మీద వాలిపోయే మనిషికి ఈ తేడా బాగా తెలుసు.

అందుకే ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు, రెండిటినీ కలిపి ఒకటి తయారుచేస్తారు, మూడో మనిషి అసలు పత్రం చూడకుండా దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి తెస్తారు. ఆ తర్వాత కొందరు పేషెంట్ల పక్కన కూర్చుని ‘ఈ ప్రశ్న మీకు ఏమర్థమైంది?’ అని అడుగుతారు. గుంటూరు యాస, శ్రీకాకుళం యాస, తెలంగాణ యాస అన్నీ చెవికి తెలిసిన అమ్మాయి ఈ పనిలో ఎంత విలువైనదో ఆలోచించండి. కిడ్నీ జబ్బులతో అల్లాడే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి ఎన్నేళ్ళుగా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) అంకెలు వింటున్నాం! ఆ మనుషుల రోజు ఎలా గడుస్తోందో వాళ్ళ మాటల్లోనే అడిగి కొలవగలిగేది మన పిల్లలే.

వార్డులో ఇంకో చిక్కు ఉంటుంది. పేషెంటును అడిగితే కొడుకో కోడలో అందుకుని ‘ఆవిడకేం, బాగానే తింటోంది, రాసుకోండమ్మా’ అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ జవాబు పేషెంటుది కాదు. పక్కనున్న ఇంటివాళ్ళను నొప్పించకుండా బయటకు పంపి, పెద్దావిడ నోరు విప్పేదాకా ఓపిగ్గా కూర్చోవడం నేర్చుకోవాల్సిన విద్య. మీకు ఇబ్బందిగా అనిపించినా ఒక మాట చెప్పాలి. ఇందాక చెప్పిన 26 ప్రశ్నల్లో దాంపత్య జీవితం గురించి కూడా ఒకటుంది. చాలామంది విద్యార్థులు సిగ్గుపడి దాన్ని వదిలేస్తారు. మనుషుల మధ్య సంబంధాలకు అందులో ఉన్నవే మూడు ప్రశ్నలు. ఒకటి వదిలితే ఆ భాగంలో మూడో వంతు పోయినట్టే. డాక్టరు తెల్లకోటుకు ఇచ్చే గౌరవమే ఈ ప్రశ్న అడిగే అమ్మాయికీ ఇవ్వాలని నా మనవి.

‘అడిగితే ఏమొస్తుంది’ అంటారేమో. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో 766 మంది ముదిరిన క్యాన్సర్ పేషెంట్లతో ఒక ట్రయల్ చేశారు. కొందరు తమ బాధలను ఎప్పటికప్పుడు కంప్యూటర్లో నమోదు చేసేవారు. బాధ ఎక్కువైతే నర్సుకు కబురు వెళ్ళేది. మిగతావాళ్ళకు మామూలు వైద్యమే. 2017లో వచ్చిన ఫలితాల్లో మొదటి బృందంలో సగం మంది 31.2 నెలలు దాటి, రెండోదాంట్లో సగం మంది 26 నెలలు దాటి బతికినట్టు తేలింది. అడగడం, విన్నదానికి స్పందించడం ఐదు నెలల ఆయుష్షు ఇచ్చాయండీ. ఎప్పుడు చెప్పినా నా గొంతు మారుతుంది.

దగ్గర్లో ఉదాహరణ కావాలంటే హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. చూపు తక్కువున్న బడిపిల్లల కోసం అక్కడి పరిశోధకులు తయారుచేసిన ప్రశ్నపత్రం 2003లో ప్రచురితమైంది. బస్సు నంబరు చదవగలవా, బోర్డు మీదది చూసి రాసుకోగలవా, సూదిలో దారం ఎక్కించగలవా అని అడుగుతుంది. మన పిల్లల రోజులోంచి పుట్టిన ప్రశ్నలు అవి.

ఇక ఉద్యోగాల సంగతి. ఏ మందుకు, ఏ చికిత్సకు ప్రజాధనం ఖర్చుపెట్టాలో తేల్చడానికి కేంద్రం 2017లో హెచ్‌టీఏఇన్ అనే వ్యవస్థ పెట్టింది. చికిత్స ఎన్నేళ్ళ ఆయుష్షు ఇస్తుంది, ఆ ఏళ్ళు ఎంత బాగా గడుస్తాయి అనే రెండిటినీ కలిపి లెక్కకడతారు. అందుకు ఈక్యూ-5డీ అనే ఐదు అంశాల పత్రం వాడతారు. దాని జవాబులకు భారతీయులు ఎంత విలువ ఇస్తారో కొలిచిన పట్టిక చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థ పరిశోధకుల చేతుల మీదుగా 2022లో వచ్చింది. అంటే ఈ రంగం మన దేశంలో ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటోంది. హైదరాబాద్‌లో నోవార్టిస్ లాంటి ఔషధ సంస్థల కార్యాలయాల్లో హెచ్‌ఈఓఆర్ విభాగాలున్నాయి, అంటే మందు ఖర్చునూ దానివల్ల పేషెంటుకు కలిగే మేలునూ లెక్కకట్టేవి. క్లినికల్ ట్రయల్స్ నడిపే సంస్థల్లోనూ అవకాశాలుంటాయి.

దాచకుండా చెబుతాను: ఇది నోటిఫికేషన్ పడి, పరీక్ష రాసి, రిటైరయ్యేదాకా నిశ్చింతగా ఉండే ఉద్యోగం కాదు. ప్రభుత్వ పరిశోధన ప్రాజెక్టుల్లో పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువే. కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్ళకు మొదట్లో పేషెంటు ముఖమే కనిపించకపోవచ్చు. పొద్దస్తమానం పరిశోధన పత్రాలు చదివి పట్టికలు నింపాలి. పేషెంట్లతో మాట్లాడటం ఇష్టమని ఈ దారి పట్టినవాళ్ళు అక్కడే నిరుత్సాహపడతారు. ఈ విషయం మీ అమ్మాయికి ముందే తెలియాలి.

ఫార్మ్-డి మంచి పునాదే. దాని మీద స్టాటిస్టిక్స్ కావాలి, అదీ గట్టిగా. నా మాట అడిగితే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఎంపీహెచ్) చేయమంటాను. హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఐఐపీహెచ్)లో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది. తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రం ఈ చదువుకు పేరున్న చోటు. విదేశమే అనుకుంటే బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో ఈ విషయానికే ప్రత్యేక పరిశోధన కేంద్రం ఉంది. కానీ అప్పుచేసి ఇప్పుడే పంపకండి. ముందు ఇక్కడ ఒక ఏడాది ఏదైనా ప్రాజెక్టులో పనిచేయనివ్వండి. స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే ‘ఆర్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ నెలనుంచే మొదలుపెట్టొచ్చు. తన ప్రాజెక్టు డేటా చేతిలోనే ఉంది కాబట్టి దాని మీదే సాధన చేయమనండి. ఆ పత్రం తెలుగు అనువాదం ఎక్కడిది, అనుమతి తీసుకున్నారా అని కూడా అడగండి. నెట్‌లో దొరికింది దించుకుని రాత్రికి రాత్రి తెలుగు చేసి వార్డుకు తీసుకెళ్ళే అలవాటు మన కాలేజీల్లో ఉంది. తర్వాత ఆ పని పేపరుగా వేయాలంటే అక్కడే ఆగిపోతుంది.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్ష సంగతి ఆ ఏడాది తర్వాత తనే తేల్చుకుంటుంది. ఇప్పుడు రెంటినీ నెత్తిన పెడితే టెన్షన్ తప్ప ఏదీ సాగదు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఈక్యూ-5డీలో ఐదే అంశాలు: నడక, స్నానం బట్టల లాంటి సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, దిగులు ఆందోళన. వాటి గురించి మీ అమ్మగారిని మీ అమ్మాయి చేతే అడిగించండి. మీరూ పక్కనే కూర్చోండి, కానీ ఆవిడ బదులు జవాబు చెప్పకండి. ఆవిడ ఏమన్నారో నాకు రాయండి, ఎంపీహెచ్ దరఖాస్తుల సంగతి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.