డ్రాగన్‌ని చూసి దడుచుకోకు

ప్రశ్న: సెలవుల్లో మా అన్నయ్యలతో ‘కేయాస్’ అనే పాత కంప్యూటర్ ఆట, మాంత్రికుల పోరు, ఆడుతున్నా. ప్రతిసారీ ముందు నేనే చస్తున్నా. కిటుకేమిటి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: నీ మీదికి మొదటి వంతులోనే డ్రాగన్‌ని దించుతున్నారు కదమ్మాయ్? 1985 నాటి ఈ ఆటలో డ్రాగన్ మంత్రం నిజంగా పారడం చాలా కష్టం. అందుకని భ్రమగా సృష్టిస్తారు. భ్రమ తప్పకుండా పారుతుంది, నిజమైనదానిలాగే చంపుతుంది. దానికి విరుగుడు ‘డిస్‌బిలీవ్’, అంటే ‘నేను నమ్మను’ అని భ్రమని మాయం చేసే మంత్రం. అది అందరి దగ్గరా ఉంటుంది, ఎన్నిసార్లు వాడినా అయిపోదు. కాకపోతే ఒక వంతు ఖర్చు. అందుకే నువ్వు అబద్ధమాడేటప్పుడు సింహం లాంటి మధ్యరకం జంతువుతో ఆడు. దాన్ని అనుమానించడానికి వంతు పోగొట్టుకోవాలంటే మీ అన్నయ్యలకి చేతులు రావు.

మాంత్రికుడు చస్తే వాడి జంతువులన్నీ మాయం. కాబట్టి ముందుకు ఉరకొద్దు. గుర్రం దొరికితే ఎక్కి కూర్చో, దెబ్బ ముందు దానికి తగులుతుంది. దయ్యాల జాతిని మామూలు జంతువులు ఏమీ చేయలేవు, వాటితో పెట్టుకోకు.

ఎనిమిది మంది దాకా ఒకే కీబోర్డు మీద ఆడతారు గనక మంత్రం ఎంచుకునేటప్పుడు మిగతావాళ్లని అటు తిరగమను. నెల్లూరులో మా చిన్నోడైతే వేళ్ల సందుల్లోంచి చూసేస్తాడు!