పాత నంబరే ఉంటుందని ఇంటర్నెట్ ఫోను పెట్టించారు, నంబరు మారిపోయింది. ఏం చేయాలి?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది కాకినాడ. వయసు 69. టీచరుగా చేసి రిటైరయ్యాను. మా ఇంట్లో 1993 నుంచి ల్యాండ్‌లైన్ ఉంది. అది మావారి పేరు మీద తీసుకున్నది. ఆయన ఆరేళ్ళ క్రితం కాలం చేశారు. పేరు మార్పించలేదు కానీ బిల్లు మాత్రం నెలనెలా కడుతూ వచ్చాను. పెన్షను కాగితాల్లో, బ్యాంకులో, బంధువుల డైరీల్లో అంతటా ఆ నంబరే. మొన్న వేసవిలో మా వీధి కేబుల్ ఆపరేటర్ వచ్చి, ‘రాగి తీగ ఫోన్లు ఇక ఉండవమ్మా, ఇంటర్నెట్ ఫోనుకు మారిపోండి, పాత నంబరే ఉంటుంది’ అన్నాడు. ఆ మాటే వాట్సాప్‌లోనూ పంపాడు. రూ.4,000 తీసుకుని ఫారం మీద సంతకం చేయించుకున్నాడు. తీరా చూస్తే నంబరు వేరే. పాత తీగను వాళ్ళ కుర్రాళ్ళే కత్తిరించి చుట్టచుట్టి పిట్టగోడ మీద పడేశారు. కరెంటు పోతే కొత్త ఫోను పలకదు. ఒక రాత్రి ఆయాసం వచ్చి 108కి చేద్దామంటే కరెంటు లేదు, సెల్‌ఫోనులో చార్జింగ్ లేదు. ఎదురింటి వాళ్ళను కేకేసి పిలవాల్సి వచ్చింది. అడిగితే ఆపరేటరు కంపెనీని అడగమంటాడు, కంపెనీ వాళ్ళు ఆపరేటరును అడగమంటారు. నా పాత నంబరు తిరిగి వస్తుందా? డబ్బు వెనక్కి వస్తుందా? పాత డిపాజిట్ ఎవరినడగాలి? డాలస్‌లో ఉన్న మా అబ్బాయి అక్కడి ఇంటర్నెట్ ఫోను పెట్టె పంపిస్తానంటున్నాడు. ఇక్కడ వాడితే తప్పా?
(పేరు ప్రచురించవద్దని కోరారు)

జవాబు: అమ్మా, ముందుగా మీరు అడగని సంగతి ఒకటి తేల్చుకోవాలి. మీ పాత కనెక్షను కాగితాల మీద రద్దయిందా, లేదా? తీగ కత్తిరించినంత మాత్రాన ఫోను రద్దు కాదు. చందాదారు గానీ, ఆయన వారసులు గానీ ఫోను వదులుకుంటామని సరెండరు దరఖాస్తు ఇవ్వాలి, లేదా బకాయి పడినందుకు కంపెనీయే మూసేయాలి. మీ ఉత్తరం చూస్తే అలాంటి దరఖాస్తు ఎవరూ ఇచ్చినట్టు లేదు. అంటే పాత కంపెనీ పుస్తకాల్లో మీవారి పేరు మీద ఫోను ఇంకా నడుస్తూ ఉండవచ్చు, అద్దె కూడా పడుతూ ఉండవచ్చు. ఇలాంటి ఇళ్ళలో చాలాసార్లు జరిగేది ఇదే. ఆ బకాయి పెరిగి పెరిగి చివరికి మీ డిపాజిట్‌ను మింగేస్తుంది. అలాగని ఇప్పుడు పరుగెత్తి సరెండరు చేయకండి. ఎందుకో వినండి.

1993 నాటి కనెక్షనంటే అప్పటి టెలికాం శాఖ ఇచ్చినది. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడినప్పుడు దాని కిందికి వచ్చింది. ఆ తర్వాత ఒక దశలో మీ నంబరు ముందు 2 చేరిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ మొదటి అంకె ఊరికే పెట్టింది కాదు. ల్యాండ్‌లైన్లలో 2తో మొదలయ్యే వరుస బీఎస్ఎన్ఎల్‌ది, 4తో మొదలయ్యేది ఎయిర్‌టెల్‌ది, ఇలా కంపెనీకో వరుస కేటాయించారు. సెల్‌ఫోను నంబరును ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చుకునే సౌకర్యం 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది. ల్యాండ్‌లైనుకు అలాంటి సౌకర్యం మన దేశంలో లేదు. కాబట్టి ఆ ఆపరేటరు మీకిచ్చిన మాట అతనే కాదు, అతని వెనక ఉన్న కంపెనీ యజమాని దిగి వచ్చినా నిలబెట్టుకోగలిగింది కాదు. మీ కేసుకు అసలు బలం ఇక్కడే ఉంది.

నంబరు మీద మీకు ఆస్తి హక్కు లేదు. ముప్పై ఏళ్ళు వాడినా అది ప్రభుత్వం కంపెనీకి కేటాయించినదే, కంపెనీ మీకు వాడుకోనిచ్చినదే. ‘నా నంబరు నాకిప్పించండి’ అని కొత్త కంపెనీ మీద కేసు వేస్తే కొట్టేస్తారు, ఎందుకంటే ఆ నంబరు వాళ్ళ చేతిలో లేదు. కానీ ఆ నంబరు గురించి మీకిచ్చిన మాట మీద మాత్రం మీకు హక్కు ఉంది. జరగని దాన్ని జరుగుతుందని నమ్మించి సంతకం తీసుకుంటే, 1872 కాంట్రాక్టు చట్టం 18వ సెక్షను దాన్ని తప్పుడు కథనంగా లెక్కిస్తుంది. 19వ సెక్షను ప్రకారం ఆ ఒప్పందాన్ని మీరు వద్దనుకోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకొంచెం సూటిగా మాట్లాడుతుంది. సేవల గురించి తప్పుడు మాట చెప్పి అమ్మడం 2(47) సెక్షను కింద అనుచిత వ్యాపార పద్ధతి. తెలియజేయాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం 2(11) కింద సేవాలోపం.

ఈ రెండోది మీ కరెంటు సంగతికి అతుకుతుంది. పాత ఫోనుకు కరెంటు మీ ఇంటిది కాదు. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టులు ఆ రాగి తీగలోనే నడిచి వచ్చేవి. అందుకే తుపాను రాత్రుల్లో ఊరంతా చీకటైనా ఫోను మోగేది. కాకినాడ వాళ్ళకు ఇది నేను చెప్పనక్కర్లేదు. కొత్త ఇంటర్నెట్ ఫోను నడిచే ఫైబరులో, అంటే సన్నని గాజు తీగలో, వెళ్ళేది వెలుతురు, అది ఫోనును మోగించలేదు. గోడకు బిగించిన పెట్టెకు మీ ప్లగ్గు నుంచి కరెంటు అందితేనే మాట. 69 ఏళ్ళ మనిషి ఉన్న ఇంట్లో ఈ తేడా చెప్పకుండా ఫోను మార్చడం చిన్న తప్పు కాదు. అయితే ఆ ఒక్క రాత్రి ఘటన మీదే లక్షల పరిహారం వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ప్రాణాపాయం జరిగిందని చూపించే ఆస్పత్రి కాగితం ఉంటే అది వేరే కథ. లేనప్పుడు వినియోగదారుల కమిషన్ దాన్ని మానసిక వేదన కింద చూస్తుంది. కేసు సంగతి ఎలా ఉన్నా, ఆ పెట్టెకు సరిపడే చిన్న డీసీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా దాన్ని నడిపే బ్యాటరీ, ఒకటి ఇవాళే పెట్టించండి. చాలా పెట్టెలు 12 వోల్టులవే, పెట్టె అడుగున చీటీ మీద రాసి ఉంటుంది. దాని బిల్లు జాగ్రత్త చేయండి, ఫిర్యాదులో ఆ ఖర్చూ అడగవచ్చు.

ఇప్పుడు ‘అతన్నడగండి, వాళ్ళనడగండి’ ఆట. దీనికి చట్టంలో చోటు లేదు. ఆపరేటరు ఆ కంపెనీ తరఫున డబ్బు తీసుకున్నాడు, కంపెనీ ఫారం మీద సంతకం చేయించాడు, బిల్లు కంపెనీ పేరుతో వస్తోంది. ఏజెంటు ద్వారా కుదిరిన ఒప్పందం యజమాని స్వయంగా కుదుర్చుకున్నట్టే అని కాంట్రాక్టు చట్టం 226వ సెక్షను చెబుతుంది. ‘అలా చెప్పమని మేం అతనికి చెప్పలేదు’ అని కంపెనీ అంటుంది, తప్పకుండా అంటుంది. అతనికి ఆ అధికారం ఉందని జనం నమ్మేలా తన ఫారాలు, తన రసీదు పుస్తకం చేతికిచ్చి వీధుల్లోకి పంపింది వాళ్ళే కాబట్టి 237వ సెక్షను ఆ వాదనకు అడ్డు పడుతుంది. ఫిర్యాదులో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరిని వదిలేస్తే రెండోవారు తప్పంతా వదిలేసిన వారి మీదకే తోస్తారు.

కేసుకు ముందు ఒక మెట్టు ఉంది. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించి, డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) అడిగి రాసుకోండి. నంబరు ఇవ్వకుండా ‘చూస్తాం మేడమ్’ అంటే పెట్టేయకండి. అక్కడ పని జరగకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి రాతపూర్వకంగా అప్పీలు చేయవచ్చు. రుసుము లేదు. 39 రోజుల్లో తేల్చాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో పెట్టిన ఏర్పాటు ఇది. కంపెనీ మీద కంపెనీ మనిషే తీర్పు చెప్పే చోట గొప్ప న్యాయం జరుగుతుందని నేను చెప్పలేను కానీ, అక్కడ పుట్టే కాగితం తర్వాత పనికొస్తుంది. ట్రాయ్‌కి నేరుగా రాస్తే మాత్రం ఉపయోగం ఉండదు. విడి వ్యక్తుల ఫిర్యాదులు అది విచారించదు. 1915కి ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చెప్పండి. కొన్ని కంపెనీలు ఆ దెబ్బకే దారికొస్తాయి.

ఈ మెట్లు ఎక్కకుండానే నేరుగా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే హక్కు కూడా మీకుంది. ‘ఫోను తగాదాలు వినియోగదారుల కోర్టులో నడవవు’ అని మీకు ఎవరైనా, బహుశా మా నల్లకోటు వాళ్ళే, చెప్పవచ్చు. 2009లో సుప్రీంకోర్టు 1885 టెలిగ్రాఫ్ చట్టంలోని 7బి సెక్షను చూపి అలాగే అన్నది. 2022 ఫిబ్రవరి 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం వొడాఫోన్ ఐడియా కేసులో ఆ మాటను తోసిపుచ్చింది. టెలికాం సేవలు 2019 చట్టం నిర్వచనంలోనే ఉన్నాయి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 30వ సెక్షను కూడా వినియోగదారుల చట్టం కింద మీకున్న హక్కును అలాగే ఉంచింది.

కంపెనీ ప్రధాన కార్యాలయం ముంబైలో ఉందో ఢిల్లీలో ఉందో మీకు అనవసరం. మీరు ఎక్కడ నివసిస్తున్నారో అక్కడే ఫిర్యాదు వేయవచ్చు, అంటే మీ కాకినాడలోనే. మీరు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచీ వేయవచ్చు. గడువు రెండేళ్ళు. లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. నోటీసు ఇవ్వాలన్న నిబంధనా లేదు, ఇస్తే మంచిది. అడిగేటప్పుడు కట్టిన రూ.4,000, యూపీఎస్ ఖర్చు, మానసిక వేదనకు ఒక సబబైన మొత్తం, కోర్టు ఖర్చులు అడగండి. నాలుగు వేల ఫోనుకు పది లక్షలు అడిగిన ఫిర్యాదును ఎవరూ మెచ్చుకోరు.

ఆ వాట్సాప్ సందేశం మీ దగ్గరున్న బంగారం. సెల్‌ఫోను మార్చినా ఆ సందేశం ఉన్న పాత సెల్‌ఫోనును ఎవరికీ ఇవ్వకండి, ఆ సంభాషణను చెరపకండి. సందేశం, పంపినవారి నంబరు, తేదీ మూడూ కనిపించేలా స్క్రీన్ తీసి ప్రింటు చేయించండి. 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద, ఆ ప్రింటు అసలు సందేశానిదేనని చెప్పే ఒక ధ్రువపత్రం జతచేయండి. కమిషన్లు సాక్ష్యాల చట్టాన్ని అంత బిగపట్టి చూడవు కానీ, అవతలి లాయరుకు ఆ సందు ఎందుకివ్వాలి? మీరు సంతకం చేసిన ఫారం నకలు కూడా కంపెనీని అడగండి. అందులో ‘పాత కనెక్షను రద్దుకు అంగీకరిస్తున్నాను’ లాంటి వాక్యం ఏదైనా చిన్న అక్షరాల్లో ఉందేమో చూడాలి.

ఇక నంబరు. బీఎస్ఎన్ఎల్ వినియోగదారుల సేవా కేంద్రానికి వెళ్ళి, కనెక్షను ఏ స్థితిలో ఉందో కాగితం మీద రాయించుకోండి. అది బతికి ఉంటే మీ అదృష్టం. బకాయి కట్టేసి, పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టండి. మీవారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీ ఆధార్, మిగతా వారసుల అంటే మీ అబ్బాయి వంటి వారి నిరభ్యంతర పత్రం కావాలి. పేరు మారాక అదే సంస్థ ఫైబరులోకి, అదే నంబరుతో మార్చమని అడగండి. ఒకే సంస్థలో తీగ నుంచి ఫైబరుకు మారేటప్పుడు నంబరు నిలుపుకోవడం సాంకేతికంగా వీలైన పని. ఆపరేటరు చెప్పిన అబద్ధం ఈ ఒక్క దారిలోనే నిజమవుతుంది. సరెండరు చేయవద్దని అందుకే అన్నాను. కనెక్షను ఇప్పటికే రద్దయి ఉంటే, ఆ నంబరు వేరొకరికి ఇచ్చేలోగా తిరిగి కేటాయించమని అర్జీ పెట్టండి. అది హక్కు కాదు, వాళ్ళ దయ. మీ దరఖాస్తు లేకుండా, బకాయి కూడా లేకుండా రద్దు చేసి ఉంటే మాత్రం అది వాళ్ళ తప్పవుతుంది, ఆ మాట అర్జీలో రాయండి.

నంబరు మీద ఆశ వదులుకున్నాకే డిపాజిట్ జోలికి వెళ్ళండి. ట్రాయ్ 2024 నిబంధనల ప్రకారం రద్దు దరఖాస్తు ఇచ్చిన ఏడు రోజుల్లో కనెక్షను మూసేయాలి, ఆ తర్వాత 45 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి. బకాయిలేమైనా ఉంటే మినహాయిస్తారు. వారసురాలిగా దాన్ని అడిగే హక్కు మీకుంది. వినియోగదారు చనిపోతే వారసులు ఫిర్యాదు చేయవచ్చని 2019 చట్టమే చెబుతోంది. అప్పటి డిమాండ్ నోట్, కట్టిన రసీదు బీరువాలో ఎక్కడో ఉండే ఉంటాయి, వెతకండి. ముఖ్యంగా మీవారు ‘ఓవైటీ’ (ఓన్ యువర్ టెలిఫోన్) పద్ధతిలో ముందుగా డబ్బు కట్టి ఫోను తెచ్చుకుని ఉంటే మొత్తం కాస్త పెద్దదే. రసీదు దొరకకపోతే పాత బిల్లుల మీద డిపాజిట్ మొత్తం ముద్రించి ఉందేమో చూడండి.

మీ అబ్బాయి పంపుతానన్న పెట్టె. ఇంటర్నెట్ మీద ఒక పరికరం నుంచి మరో పరికరానికి మాట్లాడుకోవడం, ఇక్కడి నుంచి విదేశాల్లోని ఫోనుకు చేయడం మన దేశంలో 2002 ఏప్రిల్ నుంచి అనుమతి ఉన్న పనులే. అలా వచ్చిన కాల్‌ను ఇక్కడి మామూలు ఫోన్లలోకి దించడం మాత్రం లైసెన్సు ఉన్న కంపెనీలు మాత్రమే చేయాలి. కాబట్టి మీ అబ్బాయితో, డాలస్‌లోని మనవలతో మాట్లాడుకోవడానికి ఆ పెట్టె వాడితే మీకు ఇబ్బంది రాదు. కాకినాడలోని చుట్టాలకు, గ్యాసు కంపెనీకి దాని మీద చేయకండి. పక్కింటి వాళ్ళకు, డబ్బుకు అసలు ఇవ్వకండి. అనుమతి లేకుండా టెలికాం సేవలు నడపడం 2023 చట్టం 42వ సెక్షను కింద మూడేళ్ళ జైలు, రెండు కోట్ల రూపాయల జరిమానా దాకా తీసుకెళ్ళే నేరం. అదీగాక ఆ పెట్టె కూడా కరెంటు లేకపోతే పలకదు, దాని మీద 108 తగలదు. అబ్బాయికి డబ్బు ఖర్చు పెట్టాలని ఉంటే ఆ యూపీఎస్ కొనిపెట్టమనండి.