సెక్షన్ మార్చాలా, ట్యాబ్ కొనాలా?

అమ్మా, నాలుగో తరగతి చదివే మీ బాబు కథల పుస్తకం ముట్టడం లేదని, మేడమ్ సెక్షన్ నుంచి సార్ సెక్షన్‌కి మార్చాలా, ట్యాబ్ కొనివ్వాలా అని అడిగారు. సెక్షన్ మార్చకండి. ఇంగ్లండ్‌లో పదకొండేళ్ల పిల్లలున్న 413 తరగతులను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, మగ టీచర్ ఉన్నంత మాత్రాన మగపిల్లల చదువు మెరుగైనట్టు కనిపించలేదు. బాబుకి మేడమ్ దగ్గర చనువుంటే దాన్ని పోగొట్టకండి.

ట్యాబ్ సంగతి కొంచెం వేరు. వేర్వేరు దేశాల్లో 15 ఏళ్ల పిల్లలకు పెట్టే పీసా అనే అంతర్జాతీయ పరీక్షల్లో, 2012లో, అచ్చులో చదవడంలో అమ్మాయిలు సగటున 38 పాయింట్లు ముందున్నారు. తెరమీద ఆ తేడా 26. తగ్గింది గానీ పోలేదు. అందుకని కొత్తది కొనక్కర్లేదు, మీ ఫోన్ చాలు. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం. రాత్రిపూట ఒక పేజీ మీరు, ఒక పేజీ వాడు పైకి చదవండి. నోటిఫికేషన్లు మాత్రం ఆపేయండి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది వేరే ఉంది: వాళ్ల నాన్నగారు ఇంట్లో చదువుతుండగా బాబు ఎప్పుడైనా చూశాడా? ఆదివారం ఇద్దరినీ హైదరాబాద్ ఆబిడ్స్‌లోని ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరికి పంపండి. క్రికెట్ అయినా, బొమ్మల కథలైనా వాడే ఎంచుకోవాలి. మీరు వద్దనకండి.