అల్లుడూ, ముందు కాపీ తియ్యి

చిరంజీవి అల్లుడికి,

బీరువా పైఅరలో మగ్గుతున్న పెళ్లి డిస్కులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నీ నెత్తిన పడిందని మీ అమ్మ చెప్పింది. కొత్తగా కొన్న యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ నీ ఉబుంటు లైనక్స్‌లో సరిగ్గా పలకడం లేదని, డ్రైవర్ కోసం తెగ వెతుకుతున్నావని కూడా చెప్పింది. ఆ వెతుకులాట ఆపేయరా. లైనక్స్‌లో వీటికి విడిగా డ్రైవర్ అక్కర్లేదు, కావలసింది దాని గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే ఉంది. గుచ్చగానే డెవ్ ఫోల్డర్‌లో ఎస్‌ఆర్0 అనే పేరుతో వచ్చి కూర్చోవాలి. ఒక్క యాపిల్ సూపర్‌డ్రైవ్ మాత్రం ప్రత్యేకంగా ఒక కమాండ్ పంపితే గానీ డిస్కు మింగదు. నీది అది కాదుగా, వదిలేయ్.

ఇలాంటప్పుడు నేను మొదట అనుమానించేది కరెంటునే. మామూలు యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900. డిస్కు తిరగడం మొదలయ్యే క్షణంలో మోటారుకి ఆ 500 చాలకపోవచ్చు. అప్పుడు లైటు వెలుగుతుంది, డిస్కు గుర్రుమంటూ లేస్తుంది, టిక్కుమని ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. ఆ సమయంలో కెర్నెల్ సందేశాలు తెరిచి చూస్తే డిస్‌కనెక్ట్, రీసెట్ అన్న మాటలు వరసపెట్టి పడుతుంటాయి. అది కనిపిస్తే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకు. మధ్యలో యూఎస్‌బీ హబ్ ఉంటే తీసేసి నేరుగా ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 3 పోర్టుకి పెట్టు, కేబుల్ పొట్టిది వాడు. అప్పటికీ మొరాయిస్తే సొంత అడాప్టర్ ఉన్న హబ్ కొనుక్కో. పర్మిషన్ లేదని అంటే నీ యూజర్ని సీడీరామ్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వు.

ఇక అసలు విషయం. డ్రైవ్ పనిచేయగానే అందరూ సోఫాలో చేరి పెళ్లి చూద్దామంటారు. ఒప్పుకోకు! ఆ డిస్కులకి ఇరవై ఏళ్లు ఉంటాయి, స్టూడియోవాళ్లు చౌక డిస్కుల మీద రాసిచ్చినవి. గీత పడ్డచోట ప్లేయర్ ఆగి, వెనక్కీ ముందుకీ తచ్చాడుతుంది. ఫైల్ మేనేజర్లో లాగి కాపీ చేసినా అంతే, ఒక్క సెక్టార్, అంటే డిస్కు మీది చిన్న డేటా ముక్క, చదవలేకపోతే ఆ ఫైలు మధ్యలోనే ఆగిపోతుంది. ముందు డిస్కు మొత్తాన్నీ ఒకే ఇమేజ్‌గా, అంటే అచ్చు నకలు ఫైలుగా, తీసుకో, చూడటం ఆ ఇమేజ్‌లో చూడండి. వీఎల్‌సీ ప్లేయర్ దాన్ని నేరుగా ఆడిస్తుంది.

దీనికి నేను వాడేది డీడీరెస్క్యూ, పాడైన డిస్కుల నుంచి డేటా కాపాడే ప్రోగ్రామ్. ఉబుంటులో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ, కమాండ్ కొట్టేటప్పుడు మాత్రం ముందు ఆ జీ ఉండదు. డిస్కుని అన్‌మౌంట్ చేయి, అంటే డ్రైవ్‌లోనే ఉంచి సిస్టమ్ నుంచి విడదీయి, ఎజెక్ట్ నొక్కకు. బ్లాక్ సైజు 2048 ఇవ్వు, డీవీడీ సెక్టార్ కొలత అదే. చివర మ్యాప్ ఫైలు పేరు తప్పకుండా ఇవ్వు, ప్రాణమంతా అందులోనే ఉంది. ఏ ముక్క వచ్చింది, ఏది రాలేదు అన్న లెక్కంతా అందులో రాసుకుంటుంది. మొదటి విడతలో కష్టమైన చోట్లను తవ్వొద్దని చెప్పు, తేలిగ్గా వచ్చేదంతా వచ్చేస్తుంది. రెండో విడతలో మిగిలిన చోట్ల మీద మూడు సార్లు ప్రయత్నించమను. కరెంటు పోయినా పరవాలేదు, ఆగినచోటు నుంచే మొదలెడుతుంది. ఇంకో సంగతి, ఒక డ్రైవ్ చదవలేని సెక్టార్‌ని ఇంకో డ్రైవ్ చదివేస్తుంది ఒక్కోసారి. అదే ఇమేజ్, అదే మ్యాప్ ఫైలు పెట్టి వేరే డ్రైవ్‌తో నడిపితే ఖాళీలు మాత్రమే పూరిస్తుంది. అందుకే మీ ఇంట్లో పాత డెస్క్‌టాప్‌ని తూకానికి వేయొద్దని మీ అమ్మకి చెప్పు, అందులో ఇంకో డిస్కు డ్రైవ్ (రైటర్) ఉంది.

మీ పెద్దమ్మ పెళ్లివి డీవీడీలు కావు, వీసీడీలు, అంటే సీడీల మీద రాసిన వీడియోలు. లోపల ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరు, అందులో పేరు చివర .DAT అని ఉండే ఫైళ్లు కనిపిస్తాయి. వాటిని కాపీ చేయబోతే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎరర్ వస్తుంది. డిస్కు పోయిందని కంగారుపడకు. వీసీడీలో వీడియో ఉన్న సెక్టార్లు మామూలు డేటా సెక్టార్లలా ఉండవు, అందుకే మామూలు కాపీకి, డీడీరెస్క్యూకి కూడా లొంగవు. వీసీడీఇమేజర్ ప్యాకేజీలో వీసీడీఎక్స్‌రిప్ అని ఒకటుంది, దానితో తీస్తే శుభ్రమైన ఎంపెగ్ ఫైళ్లు వస్తాయి.

తుడిచేటప్పుడు మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడువు, గుండ్రంగా తిప్పకు. వీసీడీల మీద వధూవరుల ఫొటో స్టిక్కర్ అంటించి ఉంటే, అంచు లేచినా సరే, పీకకు. సీడీలో డేటా ఉన్న పొర పైవైపు, లేబుల్‌కి సరిగ్గా కిందే ఉంటుంది, స్టిక్కర్‌తో పాటు పెళ్లి కూడా ఊడొస్తుంది. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య దాగి ఉంటుంది కాబట్టి కొంత నయం.

చిన్నగా అరచేతంత ఉన్నవి హ్యాండీక్యామ్ డిస్కులు. అవి ఖాళీ అని చూపిస్తే ఫైనలైజ్, అంటే రికార్డింగ్ అయ్యాక కెమెరాలోనే చేసే ముగింపు పని, చేయలేదన్నమాట. పారేయొద్దు, పక్కన పెట్టు. ఆ కెమెరా మా ఇంట్లోనే ఉంది, ఛార్జర్ వెతికి పంపిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య