యాంకరు మీద చెయ్యి వేసే ముందు

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడి ఇంట్లో తాతగారి గోడ గడియారం దింపేశావని, ఈ సెలవుల్లో నువ్వే విప్పి నడిపిస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంబరపడ్డాను. ఫోన్ పెట్టేశాక దడ మొదలైంది. ఆ పని మీద మనసు పెట్టేవాడు ఇన్నాళ్లకి మన ఇంట్లో ఒకడు తేలాడు, సరే. పని అయ్యేసరికి వాడి పది వేళ్లూ వాడికి ఉండాలి కదా! ఫోన్లో చెబితే ఊఁ కొట్టి పెట్టేస్తావు. కాయితమైతే బల్ల మీద పక్కన పెట్టుకుంటావని రాస్తున్నాను.

నువ్వు పంపిన ఫోటోలు భూతద్దంతో చూశాను. రెండు స్ప్రింగుల, ఎనిమిది రోజుల గడియారం. ఒక స్ప్రింగు ముళ్లకి, ఒకటి గంటలకి. యాంకరు, అంటే లోలకంతో పాటు ఊగుతూ రెండు కొమ్ములతో చక్రం పళ్లని ఒక్కొక్కటిగా వదిలే ముక్క, ఉక్కు రేకుని వంచి చేసినది. ముందు ప్లేటు మీద చిన్న ఇత్తడి చెయ్యి, దానికో పిన్ను, ఆ పిన్ను మీద యాంకరు కూర్చుంది. జారిపోకుండా ఓ బుల్లి ఇత్తడి ముక్క అడ్డం ఉంది. దాన్ని వేలితో పక్కకి తిప్పితే యాంకరు ఊడి చేతికి వచ్చేస్తుంది. స్క్రూ లేదు, ప్లేటు విప్పే పని లేదు. నా భయమంతా అక్కడే.

స్ప్రింగులో బిగువు ఉండగా యాంకరు తీశావనుకో, చక్రాలని ఆపేది ఇంకేమీ లేదు. ఎనిమిది రోజులు నడిపించాల్సిన బలమంతా ఒక్కసారిగా విడుదలై, యాంకరు కొమ్ములు ఆపే ఎస్కేప్ చక్రం గిర్రున తిరుగుతుంది. యాంకరు సగం బయట, సగం లోపల ఉండగా జరిగితే పళ్ల కొనలు వరసపెట్టి వంగుతాయి, లేదా ఇరుసు కొన విరుగుతుంది. వేలు అక్కడుంటే వేలికీ గాయమవుతుంది. "కీ ఇచ్చి చాలా రోజులైంది మావయ్యా, బిగువు ఏముంటుంది" అనకు. ఆగిపోయిన గడియారంలో చాలాసార్లు బిగువు మిగిలే ఉంటుంది. అది అరిగి ఆగిపోయి ఉండొచ్చు, స్ప్రింగు ఖాళీ అయి కాదు.

బిగువు దింపే పద్ధతి చెబుతాను. కీ ఇచ్చే ఇరుసుకి కీ తొడిగి, ఇచ్చేవైపే కొంచెం తిప్పి బరువు నీ చేతిలోకి తీసుకో. రాట్చెట్ చక్రం పళ్లని పట్టి ఉండే క్లిక్కుని సన్నటి స్క్రూడ్రైవరుతో ఎత్తు. ఇప్పుడు స్ప్రింగు నీ గుప్పిట్లో ఉంది. అర చుట్టు వెనక్కి జారనిచ్చి క్లిక్కు వదిలెయ్యి, చెయ్యి మార్చుకో, మళ్లీ అర చుట్టు. రెక్కల కీ అయితే జారినప్పుడు కణుపుల మీద కొడుతుంది. గుండ్రటి కర్రపిడి ఉన్న కీ దొరికితే మంచిది, లేకపోతే తోలు చేతొడుగు వేసుకో. కళ్లద్దాలు పెట్టుకో. గంటల వైపు స్ప్రింగు కూడా దింపు. ముళ్ల వైపు మాత్రమే దింపి, పక్క స్ప్రింగు సంగతి మరిచిపోవడం మామూలే. బిగువు పోయిందో లేదో మాట మీద నమ్మకు. స్ప్రింగు తిప్పే పెద్ద చక్రాన్ని వేలితో అటూ ఇటూ ఆడించు, వదులుగా ఆడాలి.

ప్లేట్లు మాత్రం విప్పకు. నీ గడియారంలో స్ప్రింగులకి డబ్బా లేదు, ఊరికే చుట్టగా ఉన్నాయి. వాటికి చుట్టని పట్టి ఉంచే క్లాంపు వెయ్యకుండా ప్లేటు ఎత్తితే విచ్చుకుని తంతాయి. ఆ పని ఇక్కడ నా బల్ల మీద చేద్దాం.

దుమ్ము దులపడం, పళ్ల సందుల్లో పుల్లతో గీకడం, కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో తుడవడం నీకు చెప్పక్కర్లేదు.

యాంకరు కన్నా ముందు చూడాల్సింది బెజ్జాలు. పెద్ద చక్రాన్ని ముందుకీ వెనక్కీ నెడుతూ, ఒక్కొక్క ఇరుసు కొన దాని బెజ్జంలో ఎంత ఎగురుతోందో భూతద్దంతో చూడు. ఎస్కేప్ చక్రం కొన దగ్గర కాస్త ఎక్కువసేపు చూడు. కొంచెం ఆట ఉండాల్సిందే, బిర్రుగా ఉంటే తిరగదు. కొన ఒక పక్కకి గెంతుతుంటే, బెజ్జం కోలగా కనిపిస్తే, అక్కడ ఆగిపో. ఎందుకు ఆగమంటున్నానో వివరంగా చెబుతాను. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

పాత గడియారాల్లో పదే పదే కనిపించే తప్పు ఒకటుంది. బెజ్జం అరుగుతుంది. అరిగిన మేర ఎస్కేప్ చక్రం యాంకరుకి దూరంగా జరుగుతుంది. వెంట్రుకవాసే, కానీ ఇక్కడ లెక్కలన్నీ వెంట్రుకవాసి మీదే. దూరం పెరిగేసరికి ఒక పన్ను యాంకరు ఒక కొమ్ముని వదిలాక, ఇంకో పన్ను రెండో కొమ్ము మీద పడేలోపు చక్రం ఖాళీగా దూకే దూరం పెరుగుతుంది. దాన్ని డ్రాప్ అంటాం. డ్రాప్ పెరిగితే టిక్కు గట్టిగా, ఠంగుమన్నట్టు వినిపిస్తుంది. ఆ దూకుడులో పోయిన బలం లోలకానికి అందదు, ఊపు తగ్గుతుంది, చివరికి ఆగిపోతుంది. బాగుచేసేవాడు వస్తాడు. డ్రాప్ చూస్తాడు. బెజ్జం చూడడు. రెండు పట్టకార్లతో యాంకరు కొమ్ముల్ని లోపలికి నొక్కుతాడు. ఆ పూటకి నడుస్తుంది, కూలి తీసుకుని పోతాడు.

ఆ యాంకరు కొమ్ములకి పదును పెట్టి, అంటే ఉక్కుని గట్టిపరిచి ఉంటుంది, పళ్లు రాసుకున్నా అరగకూడదని. పదునుపెట్టిన ఉక్కు చల్లగా వంగదు, పుటుక్కుమంటుంది. విరగకపోయినా వంపులో కంటికి ఆనని చీలిక పడి, కొన్నాళ్లకి నడుస్తూ నడుస్తూ విరుగుతుంది. అదీ జరగలేదనుకుందాం. కొమ్ములు దగ్గరవడంతో డ్రాపుల సమతూకం పోతుంది. పన్ను బయటి వైపు పడే కొమ్ము దగ్గర డ్రాప్ పెరుగుతుంది, లోపలి వైపు పడే కొమ్ము దగ్గర తగ్గుతుంది. కొమ్ముల వాలు కోణం కూడా మారుతుంది. పన్ను ఆ వాలు మీద జారుతూనే లోలకాన్ని నెట్టాలి, ఇప్పుడు ఒక వైపు గట్టిగా, ఒక వైపు మెత్తగా నెడుతుంది. కొన్నేళ్లకి ఇంకొకడు వస్తాడు, వాడు మంచి పనివాడే. బెజ్జంలో కొత్త బుష్, అంటే బుల్లి ఇత్తడి గొట్టం, వేసి చక్రాన్ని అసలు చోటికి తెస్తాడు. తెచ్చాక, వంచిన యాంకరు చక్రంలోకి మరీ లోతుగా దిగి గడియారం కదలదు. అప్పుడు మూడోవాడు ఆకురాయి పట్టుకుని కొమ్ముల కొనలు అరగదీస్తాడు. ఉన్న లోహాన్ని వంచితే వెనక్కి తేవచ్చునేమో గానీ అరగదీసింది ఎక్కడినుంచి తెస్తాం?

బుష్ వెయ్యడం చేతకాక బెజ్జం చుట్టూ సూదిపంచ్‌తో గుంటలు కొట్టి లోహాన్ని లోపలికి తోసేవాళ్లూ ఉన్నారు. మీ ఇంటి గడియారం వెనక ప్లేటు మీద, ఫోటోలో కుడిపక్క పైన, చుక్కల ముగ్గులాగ ఏదో కనిపించింది. మురికి అయితే సరే. గుంటలైతే మాత్రం యాంకరూ ఎస్కేప్ చక్రమూ కలిసిన ఎస్కేప్‌మెంటు సంగతి వదిలెయ్యి, మొత్తం మిషను అట్టపెట్టెలో పెట్టి నా దగ్గరికి తీసుకురా. కొమ్ముల మీద పట్టకారు పళ్ల గాట్లు ఉన్నాయేమో కూడా చూడు. ఉంటే అది ఇదివరకే ఒకసారి వంగిన యాంకరు. నువ్వు రెండోసారి వంచకు. వంచాలంటే ముందు కాల్చి మెత్తబరచాలి, వంచి చూసుకోవాలి, మళ్లీ పదును పెట్టాలి. అదంతా నా దగ్గర నేర్చుకుందువుగాని.

బెజ్జాలు బాగున్నాయనుకుందాం. కొమ్ముల మీద పళ్లు రాసుకున్న చోట గాడి పడిందా చూడు. గోరు అడ్డంగా లాగితే తగులుతుంది. సన్నటి గాడి అయితే, పిన్ను మీద యాంకరు వెనక పల్చటి ఇత్తడి వాషరు వేసి అటో ఇటో జరిపితే పళ్లు అరగని చోట నడుస్తాయి. నాకు ఆ పద్ధతే ఇష్టం, ఏమీ అరగదియ్యక్కర్లేదు. చోటు లేకపోతే సన్నటి సానరాయితో, తర్వాత 1000 నంబరు ఎమరీ కాయితంతో, పన్ను జారే దిశలోనే రుద్దు. అడ్డంగా రుద్దితే ఆ గీతలే పన్నుకి మెట్లవుతాయి. మూలలు గుండ్రం చెయ్యకు.

ఇప్పుడు బిగించు. ఎస్కేప్ చక్రం ఒక పంటి మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టు, పూర్తి చుట్టు తెలియాలి. యాంకరు పిన్ను మీద పెట్టి, ఇత్తడి ముక్క తిప్పి మూసి, ఆ తర్వాతే కీ రెండు చుట్లు ఇవ్వు. అంతకు మించి వద్దు. యాంకరు నుంచి కిందికి దిగే సన్నటి తీగ, క్రచ్, దాన్ని వేలితో నెమ్మదిగా అటూ ఇటూ ఆడించు. ఒక పన్ను వదలాలి, ఎదుటి కొమ్ము ఇంకో పన్నుని పట్టాలి.

యాంకరు చక్రంలోకి దిగే లోతు సరిచేసేది ఆ ఇత్తడి చెయ్యితోనే. ప్లేటుకి రివెట్టు చేసి బిర్రుగా ఉంటుంది, పట్టకారుతో కొంచెం కొంచెంగా కదులుతుంది. ప్రతిసారీ యాంకరుని వేలితో పట్టి ఉంచు. మొదట దగ్గరికి తెస్తూ పో, పళ్లు వదలకుండా పట్టేసే దాకా. అక్కడినుంచి వెంట్రుకవాసి వెనక్కి తీసి, చుక్క పెట్టిన పన్ను మళ్లీ వచ్చేదాకా ఒక్కొక్క పన్నూ దాటించు. ఎక్కడో ఒక పన్ను పట్టేస్తుంది, చక్రం ఎప్పుడూ పూర్తి గుండ్రంగా ఉండదు. ఇంకో వెంట్రుకవాసి తియ్యి. అన్ని పళ్లూ వదిలే అతి దగ్గరి చోటే నీకు కావలసిన చోటు. రెండు వైపులా డ్రాప్ తక్కువగా, దాదాపు సమానంగా ఉండాలి. ఇలా సరిచేశాక కూడా నడుస్తూ కొద్ది నిమిషాలకోసారి ఒకే పంటి దగ్గర ఆగుతోందంటే ఆ పన్ను కొన వంగింది, లోతుది కాదు తప్పు.

ఒక మాట. నువ్వు ఫోన్లో ఏవేవో వీడియోలు చూస్తావని తెలుసు. పన్ను పడ్డాక చక్రం ఒక్క క్షణం వెనక్కి తన్నినట్టు కదిలితే కంగారుపడకు. ఈ యాంకరు స్వభావమే అది. అలా వెనక్కి తన్నని డెడ్‌బీట్ రకాన్ని 1715 ప్రాంతంలో లండన్లో జార్జ్ గ్రాహం వాడుకలోకి తెచ్చాడు, దాని కొమ్ముల రూపే వేరు. దాని కొలతలు తెచ్చి దీనికి పెడితే రెండూ చెడతాయి.

లోలకం తగిలించే సన్నటి స్ప్రింగు రేకు మడత పడి ఉంటే మార్చెయ్యి, సరిచెయ్యాలని చూడకు. మడత ఉన్న రేకుతో లోలకం నేరుగా ఊగదు, మెలి తిరుగుతుంది. క్రచ్ కొంకీలో లోలకం కడ్డీ కాస్త వదులుగా ఆడాలి, కాయితం దూరేటంత. బిగిస్తే ఊపు చస్తుంది, మరీ వదులైతే బలం అందదు.

తర్వాత టిక్కు, టాక్కు సమానం చెయ్యాలి. ఇది బల్ల మీద చెయ్యకు. ఆ గోడ మీద, అదే మేకుకి తగిలించి, నీటిమట్టం పెట్టి పెట్టెని నిటారుగా నిలిపి చెయ్యి. టిక్, టాక్ మధ్య ఎడం ఒకలాగ లేకపోతే, పెట్టె ఎడమ పక్క కొంచెం ఎత్తి విను, కుడి పక్క ఎత్తి విను. ఏ పక్క ఎత్తితే సమానమవుతుందో క్రచ్ తీగని ఆ పక్కకే వంచాలి. యాంకరు దగ్గర ఒక పట్టకారుతో గట్టిగా పట్టుకుని, కింద ఇంకోదానితో కొంచెం వంచు. ఒక చేత్తో లాగితే ఆ లాగుడు వెళ్లి పిన్ను మీద పడుతుంది, నువ్వు సరిచేసిన లోతు పోతుంది. పెట్టెనే వాల్చి తగిలించి సరిపెట్టుకునేవాళ్లు ఉన్నారు. మీ నాయనమ్మ దుమ్ము దులిపినప్పుడల్లా ఆ గడియారం ఆగిపోవడానికి అదే కారణం అయ్యుంటుంది. పాపం ఆవిడ మీద అందరూ కేకలేసేవారు.

నూనె చుక్కలు లెక్కే. ఇరుసు కొనకి ఒకటి, బెజ్జం చుట్టూ ఉన్న గుంట సగం నిండితే చాలు. కొమ్ముల మీద సూదిమొనంత, కొంకీ దగ్గర సూదిమొనంత. చక్రాల పళ్లకి అసలు వద్దు, దుమ్ము పట్టి ముద్దవుతుంది. గడియారం నూనె అనే అడుగు. కొబ్బరినూనె చలికాలం గడ్డకడుతుంది, వంటనూనె జిగురవుతుంది. మన తడిగాలికి ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి కొమ్ములూ లోలకం తగిలించే రేకూ చేత్తో ముట్టుకున్నాక గుడ్డతో తుడిచెయ్యి.

ఇక టైము దిద్దడం. సెకనుకి రెండు టిక్కులు కొట్టే లోలకం పొడవు దాదాపు 25 సెంటీమీటర్లు. దాంట్లో 1 మిల్లీమీటరు తేడా రోజుకి దాదాపు 3 నిమిషాలు. వెనకబడితే కింది నట్టు తిప్పి బిళ్లని పైకెత్తు, ముందుకి పరిగెడితే దించు. ఒకసారి తిప్పాక పూర్తి రోజు ఆగు, గంటకోసారి కెలకకు. వైశాఖం ఎండకీ పుష్యం చలికీ 20 డిగ్రీల తేడా ఉంటే ఉక్కు కడ్డీ లోలకం రోజుకి దాదాపు 10 సెకన్లు మారుతుంది. దానికి గడియారాన్ని తిట్టి లాభం లేదు. తాతగారు దాన్ని స్టేషను రైలు కూతకి సరిచూసుకునేవారట. ఆయనకి ఒక నిమిషం అటూ ఇటూ అయినా ఫరవాలేదు గానీ, ఆదివారం కీ మాత్రం ఇంకొకరి చేత ఇప్పించేవారు కాదు. ఆ కీ ఇప్పుడు నీ జేబులో ఉందని మీ అమ్మ చెప్పింది. జాగ్రత్త నాన్నా, ఆ కొలత కీలు దొరకడం కష్టం.

గంటల వైపు స్ప్రింగు బిగువు దింపడం తప్ప ఇంకేమీ ముట్టుకోకు. మూడింటికి ఐదు కొట్టినా కొట్టనీ, అది వేరే లెక్క. బిగువు దింపేటప్పుడు మీ నాన్నని పక్కన ఉండమను, ఒంటరిగా చెయ్యకు. లోతు సరిచేశాక ఫోను పెట్టె లోపల పెట్టి రెండు నిమిషాలు రికార్డు చేసి పంపు, డ్రాప్ ఎంతుందో విని చెబుతాను. విప్పకముందు ఫోటోలు నాలుగు పక్కల నుంచి ఇంకోసారి తీసి పెట్టు. వెనక ప్లేటుది దగ్గరగా, వెలుతురులో తియ్యి.

మీ మావయ్య