ఫిజిక్స్ పీహెచ్‌డీకి మనం డబ్బులు కట్టేది లేదు

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మాది కావలి పక్కన పల్లె, ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్‌లో ఉన్నా. క్వాంటమ్ మెటీరియల్స్, లేజర్లు, ఆప్టిక్స్ ఇట్లాంటి వాటిల్లో ల్యాబ్‌లో కూర్చుని చేసే పీహెచ్‌డీ చెయ్యాలని నా కోరిక. మా నాయన బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నాడు. నెల్లూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో ఫారిన్‌లో పీహెచ్‌డీ సీటు ఇప్పిస్తాం, ముందు కొన్ని లక్షలు కట్టమన్నారు. మా కాలేజీలో చెప్పుకోదగ్గ ల్యాబ్ కూడా లేదు. నాలాంటోళ్లకి అవకాశం ఉంటదా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఆ లక్షలు మాత్రం కట్టొద్దు తల్లీ. ఫిజిక్స్‌లో మంచి చోట పీహెచ్‌డీ అంటే నెలనెలా వాళ్లే మనకిస్తారు. మన దేశంలో నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆ తర్వాత 42,000, దానిపైన హెచ్‌ఆర్‌ఏ. జర్మనీ, నెదర్లాండ్స్ వైపు అయితే పీహెచ్‌డీ పోస్టుకి నోటిఫికేషన్ ఇచ్చి, ఉద్యోగంలో పెట్టుకున్నట్టే పెట్టుకుని జీతం ఇస్తారు, అమెరికాలో ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్లు మామూలుగా ఫీజు తీసేసి టీచింగ్ అసిస్టెంట్‌షిప్పో రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్పో ఇస్తాయి. అప్లికేషన్ ఫీజు, ఇంగ్లీషు పరీక్ష ఫీజు, టికెట్టు, వీసా, ఇంతే మన ఖర్చు. ఏజెంటుతో పనేలేదు. మీ నాయనకి ముందు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించు, ఐదారేళ్లు పడుతుందన్న సంగతీ దాచకుండా చెప్పు.

ఇక ల్యాబ్ లేదన్నావు. క్వాంటమ్ మెటీరియల్స్ ల్యాబ్‌లో ఏం పని చేస్తారో తెలిస్తే నీకా దిగులు సగం పోతుంది. గూడూరు, సైదాపురం పక్క కాకిబంగారం రాళ్లు చూసుంటావుగా, గోరు పెడితే పొరలు పొరలుగా లేచొస్తాయి, గ్రాఫైటూ అంతే, మాలిబ్డినం డైసల్ఫైడూ అంతే. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్ అనే శాస్త్రవేత్తలు గ్రాఫైట్‌ని మామూలు అంటించే టేపుతో పీకి పీకి ఒక్క పరమాణువు మందం పొర తీశారు, 2010లో నోబెల్ వచ్చింది. ఇప్పటికీ చాలా ల్యాబుల్లో కొత్తగా చేరినవాళ్లకి మొదటి పని ఇదే: టేపుని ఆక్సైడ్ పూత ఉన్న సిలికాన్ ముక్క మీద అద్ది, మైక్రోస్కోపు కింద రంగులో చిన్న తేడా చూసి ఒంటిపొర ఎక్కడుందో వెతుక్కోవడం. మాలిబ్డినం డైసల్ఫైడ్ ఒంటిపొర దొరికితే దానిమీద లేజర్ వేస్తారు, అదే పదార్థం మందంగా ఉన్నప్పటి కన్నా ఎన్నో రెట్లు బాగా వెలుగుతుంది. దాన్నే ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరిచి ఆ వెలుగు ఎట్లా మారిందో కొలుస్తారు. దీనికి కావాల్సింది చేతి నిదానం, ఓపిక.

నీ ఎమ్మెస్సీలో ఫోర్ ప్రోబ్ ప్రయోగం, అంటే నాలుగు సూదులు ఆనించి రెసిస్టెన్స్ కొలిచేది, ఉంటుంది కదా. బయటి రెండు సూదుల్లో కరెంటు, లోపలి రెండిట్లో వోల్టేజి, ఎందుకట్లా? సూది ఆనిన చోట ఉండే రెసిస్టెన్స్ కొలతలో కలవకుండా. పెద్ద ల్యాబుల్లో కూడా ఇదే పద్ధతి, ఇంటర్వ్యూల్లో అడిగేవి కూడా ఇట్లాంటివే. మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్ (కాంతిని రెండుగా చీల్చి మళ్లీ కలిపే పరికరం) రికార్డు కోసం కాకుండా నీ అంతట నువ్వు పూర్తిగా విప్పి మళ్లీ అలైన్ చెయ్యి, మీ సార్‌ని బతిమాలైనా సరే.

పరీక్షలకి వస్తే గేట్, నెట్, జెస్ట్ (పరిశోధన సంస్థలు కలిసి పెట్టే ఎంట్రన్స్), టీఐఎఫ్‌ఆర్ (ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) వాళ్ల పరీక్ష, నాలుగూ రాయి, సిలబస్ చాలావరకు ఒకటే. నేషనల్ క్వాంటమ్ మిషన్‌కి కేంద్రం 2023 ఏప్రిల్‌లో 6,003 కోట్లు ఒప్పుకుంది, అందులో మెటీరియల్స్ హబ్ ఐఐటీ ఢిల్లీలో, కంప్యూటింగ్‌ది బెంగళూరు ఐఐఎస్సీలో. ఆప్టిక్స్ అంటే బెంగళూరులో రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ తప్పక చూడు. దగ్గర్లో కావాలంటే మద్రాసు ఐఐటీ, లేదంటే గూడూరులో రేణిగుంట లైను ఎక్కితే వచ్చే ఏర్పేడు, తిరుపతి ఐఐటీ, ఐసర్ (కేంద్రం నడిపే సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) రెండూ అక్కడే.

కాలేజీ పేరు కన్నా గైడ్ ముఖ్యమమ్మా. ఆయన పేపర్ ఒకటి చదివి, అందులో నీకు అర్థమైనదేదో, అర్థంకానిదేదో రాసి మెయిల్ పెట్టు. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఇంకోసారి రాయి. వీలైతే ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్లల్ని కూడా అడుగు, ల్యాబ్‌లో మిషన్లు నడుస్తున్నాయా, ఎన్నేళ్లకి బయటపడుతున్నారని.

ప్రశ్న: నాది ఈసీఈ బీటెక్, ఆప్టిక్స్‌లో పీహెచ్‌డీకి తీసుకుంటారా మేడమ్?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: తీసుకుంటారు బాబూ. గేట్ మంచి స్కోరు ఉంటే ఐఐఎస్సీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ అండ్ అప్లైడ్ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ చూడు, ఇంజనీరింగ్ వాళ్లని కూడా చేర్చుకుంటుంది. డిటెక్టర్ సర్క్యూట్లు, లాక్-ఇన్ యాంప్లిఫయర్ (గోలలోంచి చిన్న సిగ్నల్‌ని పట్టే పరికరం), పైథాన్‌తో మిషన్లని నడిపించడం వచ్చినవాళ్లకి ఈ ల్యాబుల్లో మంచి గిరాకీ ఉంది. క్వాంటమ్ మెకానిక్స్ మాత్రం ఇప్పట్నుంచే మొదలుపెట్టు.