సమీకరణం ఇస్తే సాధించగలను, మాటల్లో ఇస్తే చేయలేను. ఏం చేయాలి?

సమీకరణం రాసి ఇస్తే చకచకా చేసేస్తాను, అదే లెక్కను మాటల్లో ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు అన్నారు. చాలా ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, ఎక్కువ మంది నోట వినే మాట ఇదే. నోటుపుస్తకం తెరిస్తే జబ్బు సాధారణంగా మొదటి పంక్తిలోనే దొరికిపోతుంది. ‘క = కొడుకు’ అని ఉంటుంది. కొడుకు సంఖ్య కాదు కదా! ‘క = కొడుకు ప్రస్తుత వయసు, సంవత్సరాల్లో’ అని పూర్తిగా రాయండి. (ఎక్స్ అనే అక్షరమే ఉండాలన్న నియమం లేదు.)

ఒక లెక్క చూద్దాం. తండ్రి వయసు ఇప్పుడు కొడుకు వయసుకు నాలుగు రెట్లు. 20 ఏళ్ల తర్వాత రెండు రెట్లే ఉంటుంది. ఇప్పుడు ఎవరి వయసెంత?

కొడుకు వయసు క, తండ్రిది 4క. ఇరవై ఏళ్లు గడిస్తే ఇద్దరికీ గడుస్తాయి కాబట్టి అప్పటి వయసులు క + 20, 4క + 20. తొందరపడకండి, సమీకరణం ఇంకా రాలేదు. ఇంతవరకు పేర్లు పెట్టాం, అంతే. ‘రెండు రెట్లు’ అన్న వాక్యం మిగిలే ఉంది. అప్పటి తండ్రి వయసు 2(క + 20) అని అది చెబుతోంది. అదే వయసును మనం ముందే 4క + 20 అని రాసుకున్నాం. ఒకే వయసుకు రెండు రూపాలు దొరికాయి, ఇక మధ్యలో సమాన చిహ్నం పెట్టవచ్చు:

4క + 20 = 2(క + 20)
4క + 20 = 2క + 40
2క = 20
క = 10

కొడుక్కి 10, తండ్రికి 40. ఇరవై ఏళ్లకు 30, 60.

రాబర్ట్ రికార్డ్ అనే గణితవేత్త 1557లో సమాన చిహ్నంగా ఆ జంట గీతలను (=) ప్రవేశపెట్టింది, ‘దీనికి సమానం’ అని పదే పదే రాయడం తప్పించుకోవడానికే. అంటే ఆ గుర్తు ఒక మాటకు బదులుగా వచ్చింది. లెక్కలో ఆ మాట ఎక్కడ దాగి ఉందో వెతకడమే మీ అసలు పని.

పై లెక్కలో బ్రాకెట్ మరచి 4క + 20 = 2క + 20 అని రాసేవాళ్లు చాలామంది. అప్పుడు క = 0 వస్తుంది. తండ్రీ కొడుకూ ఒకే రోజు పుట్టారన్నమాట! తమాషా ఏమిటంటే, ఆ సున్నాను ఆ తప్పు సమీకరణంలో పెట్టి చూస్తే రెండు వైపులా 20 వచ్చి సరిపోతుంది. అందుకే జవాబును సమీకరణంలో కాదు, లెక్కలో ఇచ్చిన మాటల్లో పెట్టి సరిచూడమంటాను.

దూరం, వేగం లెక్కల్లో ప్రమాణాలు కాపాడతాయి. గంటకు 4 కిలోమీటర్ల చొప్పున నడిచి వెళ్లి, 12 చొప్పున సైకిల్ మీద అదే దారిలో తిరిగి వస్తే మొత్తం 2 గంటలు పట్టిందనుకోండి. ఒకవైపు దూరం ద కిలోమీటర్లు అయితే ద/4 + ద/12 = 2. ప్రతి పదమూ గంటల్లోనే ఉంది, కాబట్టి కూడవచ్చు. ద = 6. ఇక్కడ 4నూ 12నూ కలిపి సగం చేసి సగటు వేగం 8 అనుకుంటే దూరం 8 కిలోమీటర్లని తేలుతుంది, అది తప్పు.

దేనికి అక్షరం పెట్టాలన్నది మీ ఇష్టం. మూడు వరుస సంఖ్యల మొత్తం 72 అంటే నేను మధ్య సంఖ్యనే మ అంటాను: (మ − 1) + మ + (మ + 1) = 72. ఒకట్లు కొట్టుకుపోయి 3మ = 72, మ = 24.

అభ్యాసానికి తిరగేసి చేయండి. 3క − 7 = 20 తీసుకుని దానికి సరిపోయే లెక్కను మీరే మాటల్లో రాయండి. జవాబు 9 వస్తుందని ముందే తెలుసు కాబట్టి మీ దృష్టంతా వాక్యం మీదే ఉంటుంది.